తెల్లోడి కోటు

ఆ ఏడాది చలికాలంలో మా ఇంట్లో అందరికంటే ముందు కోటు కావలసి వచ్చింది కుక్కకి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ నవ్వాను. డిసెంబరు సగానికొచ్చేసరికి నవ్వు పోయింది, ఆ కోటు తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది.

జలంత్రకోట దాటి సముద్రం వైపు వెళితే మా పేట. ఇళ్ళ వెనకాలే తోటలు మొదలవుతాయి. కొబ్బరి, జీడి, వాటి కింద తుప్పలు. అక్టోబరు ఆఖర్లో మా ఆయన కాలేబు పొద్దున్నే తుప్పలు కొట్టడానికి వెళ్ళినప్పుడు ఎలుగుబంటి మీద పడింది. ఎడమ కన్ను పోయింది. ఎడమ చెంప చీరుకుపోయింది. మా కుక్క తెల్లోడు దాని వెనక కాలు పట్టుకుని వదలకపోబట్టి మనిషి దక్కాడు. విశాఖలో పెద్దాసుపత్రిలో ఇరవై రోజులుండి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ గడప దాటలేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని మంచం మీద కూర్చుని, కిటికీ రెక్క బెత్తెడు తెరిచి వాకిలివైపు చూస్తూ ఉండేవాడు. నాతోనూ, వాళ్ళమ్మ భాగ్యమ్మతోనూ అవసరమున్నంతే మాట్లాడేవాడు. తెల్లోడితో మాత్రం గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. కుక్కని చూసి అసూయపడ్డానంటే మీరు నమ్మాలి.

తెల్లోడి వీపు మీద కూడా ఎలుగు గోళ్ళు దిగాయి. ఆ పుళ్ళు మానినట్టే మాని చీము పట్టాయి. సోంపేట నుంచి పశువుల డాక్టరు జయశ్రీగారు వచ్చి, మెడ దగ్గర్నుంచి తోక దాకా వాడి బొచ్చంతా గొరిగేసి మందు రాశారు. పేటంతటికీ తెల్లగా మెరిసిపోతూ తిరిగిన కుక్క చిక్కిపోయి, ఎర్రటి చర్మంతో, చూడ్డానికే సిగ్గేసేలా తయారయ్యాడు.

"వయసు మీద పడింది దీనికి. పుండు మానుతుందిగానీ, ఈ మంచు తగిలిందంటే ఊపిరితిత్తులకి పట్టేస్తుంది," అన్నారు ఆవిడ. "బొచ్చు రావడానికి అయిదారు వారాలు పడుతుంది. అందాకా ఏదో ఒకటి తొడిగి వెచ్చగా ఉంచండమ్మా."

కిటికీ సందులోంచి కాలేబు గొంతు వినిపించింది. "బతుకుతాదా డాక్టరమ్మా?"

ఆసుపత్రి నుంచి వచ్చాక అతను బయటివాళ్ళతో మాట్లాడటం అదే మొదలు.

"చలి దాటితే బతుకుతుంది," అన్నారు ఆవిడ.

ఆవిడ వెళ్ళాక మా అత్త నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, నా ముఖం చూడకుండా అంది. "హెలెన్, ఈ కుక్క పోయిందంటే ఆడు మరి మనకి దక్కడే. ఏటి సేత్తావో సెయ్యి."

నాకూ తెలుసు. ఆ మాట ఆవిడ పైకి అనడంతో నాకు భయం వేసింది.

నేను దర్జీని. మా వీధి అరుగు మీద మిషను పెట్టుకుని పదేళ్ళుగా కుడుతున్నాను. డిసెంబరులో క్రిస్మస్ బట్టలతో ఊపిరాడదు. కొలత టేపు లేకుండా జాకెట్టు కుట్టగలనని గొప్ప కూడా ఉంది. ఆ గొప్పంతా తెల్లోడు దించేశాడు. మొదట గోనెసంచి కత్తిరించి కట్టాను. పుండుకి గరుకు తగిలి, సాయంత్రానికల్లా పీలికలు చేసి పారేశాడు. మా అత్త తన ఉన్ని శాలువా ఇచ్చింది. అది కిందికి జారి కాళ్ళకి చుట్టుకుంటే బోర్లా పడ్డాడు. కాశీబుగ్గలో రోడ్డు పక్కన అమ్మే పసిపిల్లల ఎర్ర స్వెట్టరు తెప్పించి చేతుల్లోకి ముందుకాళ్ళు దూర్చాను. వాడు వాకిట్లో నాలుగు కాళ్ళూ బిగించి నిలబడిపోయాడు. పిలిస్తే కదలడు, అన్నం పెడితే ముట్టడు. మూడు గంటలు అలాగే నిలబడ్డాడు. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల మంచం కిర్రుమంటే కాలేబూ నవ్వాడేమోనని ఆశగా తొంగిచూశాను. నవ్వలేదు. మర్నాడు ఆ స్వెట్టరు కంచె ముళ్ళకి పట్టుకుని చిరిగిపోయింది.

ఆ వారమే తెల్లోడు దగ్గడం మొదలుపెట్టాడు. పొడి దగ్గు. కూర్చుంటే వణుకు, పడుకుంటే వణుకు. మిషను తొక్కుతూ నేను ఆ దగ్గులు లెక్కపెట్టేదాన్ని.

అప్పటికి పేటంతా వణుకుతూనే ఉంది, అది వేరే వణుకు. ఎలుగు దొరకలేదు. ఫారెస్టువాళ్ళు రెండుసార్లు వచ్చి, అడుగులు కొలుచుకుని, జాగ్రత్త చెప్పి వెళ్ళారు. అందుకని మావాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. తోటలోకి దిగే ముందు గట్టునుండి "హోయ్" అని కూత వెయ్యాలి. లోపల మనిషుంటే తిరిగి కూత వెయ్యాలి. కూత రాకుండా తుప్ప కదిలిందంటే ఎలుగన్నట్టే. రేకుడబ్బాలు వాయించుకుంటూ, కత్తులు కట్టిన కర్రలతో అందరూ ఒక్కసారే పడాలి. అసిరయ్య దీనికి పెద్ద. మా పక్కింటివాడే, కాలేబుని మావా అని పిలుస్తాడు. ఆ రోజు రక్తం కారుతున్న కాలేబుని మంచం మీద మోసుకొచ్చింది వాడే. తెల్లోడికి మాత్రం కూత అక్కర్లేదు. వాడి తెలుపే వాడి కూత అనేవాడు అసిరయ్య. బొచ్చు గొరిగాక కూడా ఆ బోడి ఒళ్ళు చూసి అందరూ గుర్తుపట్టేవారు.

క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా సంఘ పెద్దలు ఇద్దరు వచ్చారు. మా బాప్టిస్టు సంఘంలో క్రిస్మస్ ఉదయం వాక్యం చదివేది కాలేబే. మా పెళ్ళయిన ఏడాది నుంచీ అతనే. పెళ్ళినాటి నల్లకోటు ఆ ఒక్క రోజు వేసుకుని నిలబడతాడు. ఆ కోటు కొంచెం బిగుతైనా, ఏడాదికోసారి అతన్ని అలా చూడటం నాకెంత ఇష్టమో చెప్పలేను. పెద్దలు తలుపు బయట నిలబడి అడిగారు. కాలేబు తలుపు తియ్యలేదు. "వేరే ఎవరిసేతైనా సదివించండి," అన్నాడు లోపల్నుంచే. వాళ్ళు ఇంకో రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. పెట్టెలోంచి కోటు తీసి, ఇస్త్రీ చేసి, అతనికి ఎదురుగా మేకుకి తగిలించాను.

"అది తీసీ," అన్నాడు.

"ఎందుకు తియ్యాలి? వారంలో ఏసుకుంటావు కదేటి."

"ఏసుకోను. నాకు సర్చీ నేదు, ఏటీ నేదు. ఆ కోటు ఎవుడికి కావాలంటే ఆడికిచ్చీ."

"ఎవుడికైనానా?"

"ఎవుడికైనా."

నాకు ఒళ్ళు మండిపోయింది. కోటు పట్టుకుని అరుగు మీదికి వచ్చి, కత్తెర తీశాను. మా అత్త పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మ, పెళ్ళి కోటే! నీకేటి పిచ్చెత్తినాదేటే?" అని చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. కోటు మొదటి చెయ్యి కత్తిరించేటప్పుడు నెమ్మదిగా కత్తిరించాను, అతను ఆగమంటాడని. కిటికీ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. కత్తెర చప్పుడు అతనికి వినిపిస్తోంది. ఒక్క మాట అన్నా ఆపేసి, కూర్చుని, కోసిన చెయ్యి మళ్ళీ కుట్టేసేదాన్ని. అనలేదు. రెండో చెయ్యి కోపంతో ఒక్క ఊపున కోసేశాను. కాలరు తిప్పాను, పొట్ట దగ్గర తగ్గించాను, రెండు నాడాలు కుట్టాను. ఏడుస్తూనే కుట్టానుగానీ కుట్టు మాత్రం వంకర పోలేదు.

తెల్లోడికి తొడిగితే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. లోపలి పట్టుగుడ్డ పుండుకి మెత్తగా తగిలిందేమో, వాడు పీక్కోలేదు. అరుగు మీద ముడుచుకుని పడుకుని, ఎన్నాళ్ళకో వణక్కుండా నిద్రపోయాడు. దగ్గు కూడా తగ్గింది. నేను గెలిచినట్టే అనిపించింది. దేని మీద గెలిచానో మాత్రం తెలియలేదు.

దీపాలు పెట్టే వేళ వాడు అలవాటుగా లోపలికి వెళ్ళి కాలేబు మంచం పక్కన నిలబడ్డాడు. కాలేబు దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయాడు. తెల్లోడు మూతితో తడితే ఇంకా దగ్గరగా ముడుచుకున్నాడు. కోటు పోయిందని కోపం అనుకున్నాను. మంచిదే, కోపమైనా వచ్చింది అనుకున్నాను. అప్పటి నా తెలివి అంతమాత్రమే.

నాలుగో రోజు పొద్దున్న బాగా మంచు పడింది. కొబ్బరి చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, మొవ్వులు కనిపించడం లేదు. తెల్లోడు గేటు దగ్గర నిలబడి కుయ్‌మంటే తీశాను. కోటు నాడాలు ఇంకొంచెం బిగించి మరీ పంపాను. రోజూ ఆ వేళకి వాడు తోటలోకి, కాలేబు పడిపోయిన చోటికి వెళ్ళి, కాసేపు వాసన చూసి వస్తాడు.

పావుగంట గడిచిందో లేదో, గట్టు మీద రేకుడబ్బా మోగింది.

"ఎలుగు! ఎలుగొచ్చింది! జీడిమొక్కల్లో ఉంది!"

వీధిలో తలుపులు దబదబా పడ్డాయి. మా అత్త కొళాయి దగ్గర బిందె వదిలేసి లోపలికి వచ్చింది. నేనూ లోపలికి దూకి గడియ పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. తెల్లోడు తోటలో ఉన్నాడు. ఒకసారి తప్పించుకున్న కుక్కని ఆ ఎలుగు ఈసారి వదలదు. "అత్తా, తెల్లోడిని సంపేత్తాది," అని అరిచాను. నాకు తోచింది అంతే.

కాలేబు మంచం మీద లేచి కూర్చున్నాడు. బయట డబ్బాలు రెండయ్యాయి, మూడయ్యాయి.

"అది ఎలుగు కాదు," అన్నాడు.

"ఏటి?"

"తెల్లోడే. నల్లకోటు ఏసుకునున్నాడు."

అతను మంచం దిగి, నన్ను పక్కకి నెట్టి, గడియ తీశాడు. తువ్వాలు మంచం మీదే ఉండిపోయింది. రెండు నెలలుగా నడక మరిచిన మనిషి తూలుకుంటూ వీధిలోకి దిగాడు. నేను వెనకాల పరిగెత్తాను. గట్టు ఎక్కేసరికి అసిరయ్య, ఇంకో అయిదుగురు ఒక తుప్పని చుట్టేసి ఉన్నారు. తుప్ప మధ్యలో నల్లగా ఏదో కదులుతోంది. కుంటుతూ వెనక్కి వెనక్కి పోతోంది. ఒకసారి కూత వేసి చూశారట, జవాబు రాలేదట. ఒక దెబ్బ అప్పటికే పడింది. అసిరయ్య కర్ర రెండోసారి పైకి లేచింది.

"హోయ్!" అని కాలేబు కూత వేశాడు.

కుట్లు పడ్డ చెంపతో వేసిన కూత. సగం గాలే వచ్చింది. తుప్పలోంచి తెల్లోడు మొరిగాడు. రెండుసార్లు మొరిగి, నేల మీద ఈడ్చుకుంటూ ఆ గొంతు వైపు రాసాగాడు.

కర్రలు ఆగిపోయాయి. ఆరుగురూ కుక్కని చూడలేదు, కాలేబు ముఖం చూశారు. ఆసుపత్రి తర్వాత ఆ ముఖం చూడటం వాళ్ళకదే మొదలు. అసిరయ్య చేతిలోంచి కర్ర జారిపోయింది.

"మావా… మంచులో నల్లగా కనపడినాది మావా… నాను ఎలుగే అనుకున్నాను…" అంటూ వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు.

కాలేబు మోకాళ్ళ మీద కూర్చుని నాడాలు విప్పాడు. నేను బిగించిన ముడులు, తొందరగా రాలేదు. నేను వెళ్ళి చెయ్యి వెయ్యబోతే వద్దన్నట్టు తల ఊపాడు. కోటు తీసి పక్కన పడేసి, తన చొక్కా విప్పి తెల్లోడికి చుట్టి, ఎత్తుకుని, వీధి మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి తెచ్చాడు. తలుపుల్లోంచి అందరూ చూశారు. అతను ఎవరివైపూ చూడలేదు.

జయశ్రీగారు వచ్చి వెనకకాలికి కట్టు కట్టారు. ఎముక విరిగిందిగానీ అతుకుతుందన్నారు. "ఇంకా మూడు వారాల చలి ఉంది. ఒంటి మీద ఏదీ లేకుండా ఇలా వదిలెయ్యకండి," అన్నారు. ఆవిడకి నల్లకోటు సంగతి తెలియదు. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆవిడ వెళ్ళాక నేను కాలేబు కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "నా కోపమే దీన్ని కొట్టించినాది. నల్లకోటు తొడిగి నానే పంపినాను," అన్నాను.

అతను తెల్లోడి తల నిమిరాడు. తర్వాత అన్నాడు. "నాకు ముందే తెలుసు."

"ఏటి తెలుసు?"

"తొలిరోజు సాయంత్రం ఆడు మంచం కాడికి వచ్చినప్పుడు నాకు ఊపిరి ఆగిపోనాది, హెలెన్. ఎలుగే వచ్చినాదనుకున్నాను. ఆడని తెలిసినాక కూడా నాను కన్ను తెరవలేకపోనాను. రోజూ అంతే. నాకే అలగుంటే తోటలో మిగతా జనానికి ఎలగుంతాదో నాకు తెల్దా? నీతో సెబుదామనే అనుకున్నాను. నా పానం కాపాడిన కుక్కని సూసి నాను భయపడతన్నానని ఏ నోటితో సెప్పను?"

మా ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం మేమిద్దరం చాలా రోజుల తర్వాత ఒకే కంచంలో తిన్నాం.

మర్నాడు నేను సోంపేట బయల్దేరుతుంటే కాలేబు చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చాడు. "ఈసారి కోటు నాను సూత్తాను," అన్నాడు. తువ్వాలు తీసుకోలేదు. మా అత్త నోరు తెరవబోతే నేను కళ్ళతో ఆపాను.

ఆటోలో ఎదుటి సీట్లో కూర్చున్న ఆడమనిషి పిల్ల ముఖాన్ని తన ఒళ్ళో దాచేసింది. కాలేబు అది చూశాడు. చెయ్యి ముఖం వరకూ వెళ్ళి, ఆగి, మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. చెమటతో తడిసిపోయి ఉంది.

క్రిస్మస్ ఇంకా రెండు రోజులే ఉంది, బజారు కిటకిటలాడుతోంది. బట్టల కొట్టు ముందు పిల్లల కోట్లు కుప్ప పోసి అమ్ముతున్నారు. కొట్టతను కాలేబుని చూసి, చూపు తిప్పుకుని, నన్నడిగాడు. "ఎన్నేళ్ళ పిల్లకమ్మా?"

"పిల్లకి కాదు, కుక్కకి," అన్నాడు కాలేబు. "కొంచెం బయటికి పట్టికెళ్ళి సూడొచ్చా?"

కొట్టతనికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. కాలేబు నాలుగు కోట్లు ఏరి నా చేతుల్లో పెట్టాడు. రోడ్డు చివర మెడికల్ షాపు దాకా నడిచి, అక్కడ ఒక్కొక్కటీ నేలకి మోకాలెత్తున పట్టుకుని చూపించమన్నాడు. దూరం నుంచి చూస్తే ఏది ఎలా కనిపిస్తుందో తెలియాలట. సిగ్గు చంపుకుని వెళ్ళాను. బజారంతా ఆగి చూస్తోంది. అతను కొట్టు మెట్టు మీద నిలబడి, చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. "ఇంకా కిందికి! కొంచెం కదుపు!"

గోధుమరంగుది పట్టుకున్నాను. వద్దన్నట్టు చెయ్యి విదిలించాడు. పువ్వులది పట్టుకుంటే చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. పసుపుపచ్చది పట్టుకున్నాను.

"అదీ! అది కుక్కే!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నా చేతిలో ఇంకొకటి మిగిలింది. ఉన్నిది, నల్లది. ఏరేటప్పుడు పొరపాటున వచ్చిందనుకుని వెనక్కి దాచేశాను.

"హెలెన్! అదీ పట్టు!"

పట్టనని తల ఊపాను. మళ్ళీ అదే మాట. జనం నావైపు, అతనివైపు చూస్తున్నారు. వంగి, ఆ నల్లకోటు మోకాలెత్తున పట్టుకున్నాను. గాలికి అది కదిలింది.

కాలేబు కొట్టు స్తంభాన్ని పట్టుకోవడం అంత దూరం నుంచీ కనిపించింది. ఇక లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. స్తంభం వదిలి, మెట్టు దిగి, ఆ నల్లదాని మీదనుంచి ఉన్న ఒక్క కన్నూ తిప్పకుండా నావైపు నడవసాగాడు. ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పక్కనుంచి తప్పుకుపోయింది. సగం దారిలో ఆగాడు. అడుగు తీసి అడుగు వేస్తూ నా దగ్గరికి వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ కోటు మీద చెయ్యి వేశాడు. ఊపిరి సర్దుకునేదాకా అలాగే ఉంచాడు.

"సాలు," అన్నాడు. "ఇంక పసుపుది కట్టించుకుని ఇంటికెల్దాం."